ఫైనలియర్ ప్రాజెక్టుకి ఫ్లోరైడ్ నీళ్లు తీసుకున్నాం, నిజంగా పనికొచ్చేది చేయాలంటే ఎలా?

దర్శి_అమ్మాయి
సివిల్ ఫైనలియర్, నలుగురం బ్యాచ్. ఈసారి ప్రాజెక్టులన్నీ సుస్థిరాభివృద్ధి మీదే ఉండాలన్నారు. ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాల పోస్టర్ నోటీసు బోర్డు మీద అంటించారు, మన టాపిక్ ఏ నంబరు కిందకి వస్తుందో ఫారంలో రాయాలి. మేం 6 రాశాం, తాగునీరు. టాపిక్ ఫ్లోరైడ్ తొలగింపు.

లైబ్రరీలో సీనియర్ల రిపోర్టులు తీసి చూశాం. ఒక బ్యాచ్ నారింజ తొక్కలు, ఒక బ్యాచ్ వేరుశనగ పొట్టు, ఇంకొకరు చింతగింజల పొడి, ఇంకొకరు ఊక బూడిద. అన్నిట్లో 90 శాతం పైనే ఫ్లోరైడ్ పోయిందని గ్రాఫులున్నాయి. ఇవన్నీ ఇంత బాగా పనిచేస్తే మా ఊళ్లో ఒక్క ఇంట్లో కూడా ఎందుకు లేవు?

నా ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉన్నాయి. ఫొటో తీస్తుంటే నోరు మూసుకునే నవ్వుతాను. మా నానమ్మ కింద కూర్చుంటే ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని లేపాలి. అందుకే ఇంకో తొక్కో పొట్టో తీసుకుని రిపోర్టు రాయాలనిపించడం లేదు. బ్యాచ్‌లో ఒకడు డబ్బులేసుకుని ప్రాజెక్టు కొనేద్దాం అంటున్నాడు. ఏం చేయాలో చెప్పండి.

ఈఈఈ_శ్రీను
కొనేయండి. నేనూ అదే చేశా. ప్లేస్‌మెంట్ల టైంలో ల్యాబ్‌లో కూర్చుంటే ఉద్యోగం పోతుంది. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి రెండు ప్రశ్నలే అడుగుతారు.

ఎంటెక్_మధ్యలో
ఆ 90 శాతం ఎలా వస్తుందో నేను చెప్తా, నేనూ అలాంటి పేపర్ రాసినవాణ్ని. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలుపుతాం. పీహెచ్ 5కో 6కో దించుతాం. పొడి బాగా ఎక్కువేసి గంటలకొద్దీ షేకర్‌లో తిప్పుతాం. ఆ నీళ్లలో ఫ్లోరైడ్‌కి పోటీ వచ్చేది ఏదీ ఉండదు కాబట్టి పొడి పట్టేసుకుంటుంది. మీ ఊరి బోరు నీళ్లలో బైకార్బనేట్ దండిగా ఉంటుంది, పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. అదే పొడి ఆ నీళ్లలో వేస్తే సగం కూడా పట్టదు. మేం బోరు నీళ్లతో చేసిన ఫలితాన్ని పేపర్‌లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశాం. ఇప్పటికీ అది నాకు బాధే.

దర్శి_అమ్మాయి
ఎంటెక్ అన్నా, అంటే రిపోర్టుల్లో రాసింది అబద్ధం కాదు, కానీ మా ఊరి నీళ్ల గురించి రాసింది కాదు. అంతేనా?

ఎంటెక్_మధ్యలో
అంతే. అందుకే మొదటి రోజు నుంచీ బోరు నీళ్లతోనే చేయండి.

రిటైర్డ్_ఏఈ
అమ్మా, నువ్వు అడిగిన ప్రశ్న మంచిది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ని (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మీ దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోనివే, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చేదాకా. అంటే ఈ జబ్బు చరిత్ర మీ ఇంటి దగ్గరే మొదలైంది. తర్వాత నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేశారు. దానికి నల్గొండ టెక్నిక్ అని మన తెలుగు ఊరి పేరే పెట్టారు. ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లింది ఆ పేరు. కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు, పనిచేసేది ఉంది.

మరి ఊళ్లలో ఎందుకు నిలబడలేదంటావా. ఒక ఊరి ప్లాంటు సంగతి చెప్తాను. నేను తనిఖీకి వెళ్లేసరికి పటిక ఎంత వేయాలో గోడ మీద ఎర్ర పెయింటుతో రాసి ఉంది. కట్టిన ఏడాది రాసిన అంకె అది. ఆ తర్వాత ఆ బోరు ఎండిపోయింది, పక్కన ఇంకా లోతుగా కొత్త బోరు వేశారు. నీళ్లు మారాయి, ఫ్లోరైడ్ మారింది, ఆల్కలినిటీ (నీళ్లలోని బైకార్బనేట్ లాంటి క్షారం) మారింది. గోడ మీద అంకె మాత్రం అదే. పాపం ఆపరేటర్ రోజూ ఆ అంకె ప్రకారం తూచి వేస్తున్నాడు. ఒక్క రోజు మానలేదు. అతని తప్పేమీ లేదు. నీళ్లు మారాయని అతనికి చెప్పినవాళ్లే లేరు.

పటిక డోసు ఫ్లోరైడ్ ఒక్కదాన్ని బట్టి ఉండదు, ఆల్కలినిటీని బట్టి కూడా ఉంటుంది. రెండూ ఎక్కువుంటే లీటరుకి కొన్ని వందల మిల్లీగ్రాములు పడుతుంది. సున్నం అందులో ఇరవయ్యో వంతు. మీరు రీసెర్చ్ చేయాలంటే ఆ గోడ మీద అంకె మీద చేయండి. నీళ్లు మారితే ఊళ్లో మనిషికి ఎలా తెలియాలి, తెలిసినప్పుడు ఎంత మార్చాలి. దాని మీద పనిచేసిన బ్యాచ్ నాకు ఎక్కడా కనిపించలేదు.

మునుగోడు_బిడ్డ
పెద్దాయన రాసింది గౌరవంతోనే చదివాను గానీ నేను ఒప్పుకోను. మా నల్గొండ వైపు వంకర కాళ్ల పిల్లల్ని చూస్తూ పెరిగాం. 1970ల్లోనే హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) శాస్త్రవేత్తలు మా జిల్లా పిల్లల కాళ్ల మీద పేపర్లు రాశారు. పటిక బకెట్లు వచ్చాయి, ఫిల్టర్లు వచ్చాయి, అన్నీ మూలన పడ్డాయి. మార్పు కనబడింది కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే. మిషన్ భగీరథ 2016లో మొదలైంది, ఆ తర్వాత పుట్టిన మా అన్న కూతురి పళ్లు తెల్లగా ఉన్నాయి. ఇంజినీరింగ్ పరిష్కారం అంటే అదీ. నది నీళ్లు తేవాలి. విద్యార్థుల బకెట్ల వల్ల ఏమీ కాదు.

కనిగిరి_టీచరమ్మ
అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. మునుగోడు తమ్ముడూ, మీకు నీళ్లు వచ్చినందుకు సంతోషం. మా ఊరికి కుళాయి ఉంది. పైపు పగిలితే నాలుగు రోజులు, ఎండాకాలమైతే వారం రాదు. ఆ వారం పిల్లలకి ఏ నీళ్లు పోయాలి? అందరూ బోరు దగ్గరికే పోతారు. నది నీళ్లు రావద్దని ఎవరూ అనరు. వచ్చేదాకా, రానప్పుడూ ఏం చేయాలన్నదే మా బాధ.

మునుగోడు_బిడ్డ
అక్కా, అది నిజమే. మా దగ్గరా మోటారు చెడితే అంతే. బకెట్ పూర్తిగా వద్దని కాదు, దాన్ని చూపించి పైపు ఆపుతారని నా భయం.

రిటైర్డ్_ఏఈ
ఆ భయం న్యాయమైనదే. రిపోర్టులో మొదటి పేజీలోనే రాయాలి, ఇది నది నీళ్లకి ప్రత్యామ్నాయం కాదని.

చిల్లగింజల_తాత
మా చిన్నప్పుడు మట్టి నీళ్లు వస్తే కుండ లోపల చిల్లగింజ అరగదీసేవాళ్లు. అరగంటకి అద్దంలా తేరుకునేవి. మునగ గింజలు కూడా అంతే. పటిక ఎందుకు, వీటితో చేసి చూడొచ్చుగా?

ఎంటెక్_మధ్యలో
తాతగారూ, ఆ రెండూ బురద మీద బ్రహ్మాండంగా పనిచేస్తాయి. బురద అంటే నీళ్లలో తేలే రేణువులు, వాటిని ముద్ద కట్టించి కిందకి దించుతాయి. ఫ్లోరైడ్ ఉప్పులాగా కరిగి ఉంటుంది. బోరు నీళ్లు చూడ్డానికి ముందే అద్దంలా ఉంటాయి, అందుకే ఇన్నేళ్లు ఎవరికీ అనుమానం రాలేదు.

చిల్లగింజల_తాత
అలాగా. అయితే చింతపండు సంగతి? పులుసు తాగితే ఎముకలకి మంచిదని మా వైపు అంటారు.

ల్యాబ్_అక్క
దానికి ఆధారం ఉంది తాతగారూ. స్కూలు పిల్లలకి చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ బయటకి పోయిందని 2002లో ఎన్ఐఎన్ వాళ్లు ప్రచురించారు. నీళ్లలోంచి తీసేది వేరు, ఒంట్లోంచి పోయేది వేరు. అయినా పులుసు మానకండి.

ఈఈఈ_శ్రీను
చింతపండు పులుసుకి కూడా ఒక లక్ష్యం నంబరు ఇవ్వొచ్చన్నమాట 🙂

ఆర్‌ఓ_వ్యాపారి
మా ఊళ్లో ఆర్‌ఓ ప్లాంటు నడుపుతున్నాను, 20 లీటర్ల క్యాన్లు. అందరూ మమ్మల్ని తిడతారు కాబట్టి నా వైపు నుంచి కూడా చెప్తా. ఆర్‌ఓ ఫ్లోరైడ్ తీస్తుంది, అనుమానం లేదు. కానీ లోపలికి పోసిన నీళ్లలో సగం దాకా బయటకి పారబోయాలి. ఆ పారే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. నేను వెనక గుంతలోకి వదిలేవాణ్ని. ఆ గుంత పక్క ఇంటివాళ్ల చేతిపంపు నుంచి ఎంత దూరమో ఈ చర్చ చదివాక అడుగులేసి కొలిచాను. నలభై అడుగులు. రాత్రి నిద్రపట్టలేదు. విద్యార్థులెవరైనా ఆ నీళ్లేం చేయాలో చెబితే నేను ఖర్చు పెట్టుకుంటా.

దర్శి_అమ్మాయి
అన్నా, మీ ప్లాంటు ఎక్కడో వ్యక్తిగత సందేశం పెట్టండి, శాంపిల్ తీసుకుంటాం. నా జూనియర్లు టాపిక్ కోసం వెతుకుతున్నారు.

నైరోబీలో_నాయుడు
నేను కెన్యాలో ఉంటాను. ఇక్కడ రిఫ్ట్ లోయలో నకూరు వైపు ఫ్లోరైడ్ మన దగ్గరికంటే దారుణం. పశువుల ఎముకలు కాల్చిన బొగ్గుతో ఫిల్టర్లు చేసి వాడారు, బాగా పనిచేస్తుంది. ప్రయత్నించి చూడండి.

కనిగిరి_టీచరమ్మ
బాబూ, ఎముకల బొగ్గులోంచి వచ్చిన నీళ్లని చెబితే మా ఊళ్లో ఒక్క తల్లి కూడా బిడ్డకి పట్టదు. చెప్పకుండా పట్టడం అన్యాయం.

నైరోబీలో_నాయుడు
నిజమే, ఆ కోణం నాకు తట్టలేదు.

దర్శి_అమ్మాయి
నాలుగు వారాల తర్వాత వస్తున్నా. ప్రాజెక్టు కొనలేదు. పెద్దాయన చెప్పిన దారిలోనే వెళ్లాం. టీచరమ్మ గారి అంగన్‌వాడీ బోరు నీళ్లు తెచ్చాం. ఫ్లోరైడ్ లీటరుకి 3.8 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి 1.5 దాటకూడదు కదా. కిరాణా కొట్టు నుంచి పటిక తెచ్చి దంచి, సున్నం తేట కలిపి, జార్ టెస్ట్ (ఒక్కో బీకర్‌లో ఒక్కో డోసు వేసి చూడటం) చేశాం. ఆరు బీకర్లలో నాలుగోదానికి 0.6 వచ్చింది!! ల్యాబ్‌లో అందరం అరిచాం. గైడ్ సార్ కూడా వచ్చి చూశారు. కాన్ఫరెన్స్‌కి పంపుదామంటున్నారు.

ల్యాబ్_అక్క
చెల్లీ, కాన్ఫరెన్స్‌కి పంపే ముందు ఒక్క మాట. 0.6 ఏ పద్ధతిలో కొలిచారు?

దర్శి_అమ్మాయి
స్పాడ్న్స్ అక్కా. ఎర్ర రంగు రియేజెంట్ పోసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టాం.

ల్యాబ్_అక్క
భయపడినంతా అయింది. చాలామంది ఇక్కడే పడతారు, నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా.

స్పాడ్న్స్ రంగులో జిర్కోనియం ఉంటుంది. ఫ్లోరైడ్ వచ్చి ఆ జిర్కోనియాన్ని లాక్కుంటే రంగు తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి ఫ్లోరైడ్ లెక్క కడతాం. మీరు పటిక వేశారు కాబట్టి నీళ్లలో కొంచెం అల్యూమినియం మిగిలే ఉంటుంది. అది ఫ్లోరైడ్‌ని గట్టిగా పట్టుకుని వదలదు. పట్టుబడిన ఫ్లోరైడ్ జిర్కోనియం దగ్గరికి రాదు, రంగు తగ్గదు. యంత్రం తక్కువ చూపిస్తుంది. కానీ ఆ ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉంది, పిల్లవాడి కడుపులోకే పోతుంది. లీటరుకి 0.1 మిల్లీగ్రాము అల్యూమినియం ఉన్నా చాలు, వెంటనే చదివితే తేడా వస్తుంది. రెండు గంటలు ఆగి చదివితే తేడా తగ్గుతుంది, కానీ ఆ ఓపిక ఎవరికుంటుంది. మీరు బ్లీచింగ్ కూడా వేస్తే ఇంకో చిక్కు. మిగిలిన క్లోరిన్ రంగునే విరిచేస్తుంది, అప్పుడు ఎక్కువ చూపిస్తుంది.

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో (నీళ్లలో ముంచి ఫ్లోరైడ్ కొలిచే పరికరం) కొలవండి. దానికి టిసాబ్ అనే బఫర్ కలుపుతాం, అది అల్యూమినియం చేతిలోంచి ఫ్లోరైడ్‌ని విడిపిస్తుంది. మీ కాలేజీలో లేకపోతే నాకు పంపండి.

దర్శి_అమ్మాయి
అక్కా చేతులు చల్లబడిపోయాయి. రేపు బస్సులో పంపిస్తున్నా.

ల్యాబ్_అక్క
శాంపిల్ అందింది. మీ నాలుగో బీకరు: 1.9. మూడు సార్లు కొలిచాను.

దర్శి_అమ్మాయి
0.6 కాదు, 1.9. అంటే పరిమితి దాటే ఉంది. ఆ నీళ్లు మంచివని మేం పిల్లలకి ఇచ్చేవాళ్లం. గైడ్ సార్‌కి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత పాత బ్యాచ్‌ల రిపోర్టులు బీరువాలోంచి తీసి ఎవరెవరు పటిక వాడారో చూస్తూ కూర్చున్నారు.

ఈఈఈ_శ్రీను
ఇది చదివాక నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నా. కొన్న ప్రాజెక్టులో ఈ తప్పు ఉన్నా మాకు తెలిసేదే కాదు.

రిటైర్డ్_ఏఈ
ఇంకో సంగతి. కిరాణా కొట్టు పటిక అన్నావు. అది పొటాష్ పటిక, మంగలి షాపులో గడ్డానికి రాసేది. వాటర్ వర్క్స్‌లో వాడేది వేరు, అల్యూమినియం సల్ఫేట్ దిమ్మలు. డోసు పట్టికలు దాని కోసం రాసినవి. పొటాష్ పటికలో బరువుకి 5.7 శాతమే అల్యూమినియం, దిమ్మలో 9 శాతం దాకా ఉంటుంది. అంటే మీరు వేయాల్సిన దాంట్లో మూడింట రెండొంతులే వేశారు. దిమ్మ తెచ్చి మళ్లీ చేయండి.

మెకానికల్_మస్తాన్
నేను ఈ సబ్జెక్టు కాదు గానీ లెక్క వేశా. లీటరుకి 500 మిల్లీగ్రాముల దిమ్మ పటిక అనుకుంటే 40 లీటర్ల బకెట్‌కి 20 గ్రాములు, సున్నం 1 గ్రాము. నెలకి ఒక ఇంటికి 600 గ్రాములు. రెండొందల ఇళ్ల ఊరికి రోజుకి 4 కిలోలు. లారీలు కాదు, సైకిల్ మీద తేగలిగే సరుకు.

రిటైర్డ్_ఏఈ
లెక్క సరైనదే. కానీ అదే 500 వల్ల నీళ్లలోకి సల్ఫేట్ 220, 230 దాకా అదనంగా చేరుతుంది, ఆల్కలినిటీ అంతే తగ్గుతుంది. తాగునీటి ప్రమాణంలో సల్ఫేట్ 200 మంచిది, వేరే దిక్కు లేకపోతే 400 దాకా ఒప్పుకుంటారు. నీళ్ల రుచి మారుతుంది, ముందే చెప్పాలి.

కనిగిరి_టీచరమ్మ
మీరంతా లెక్కల్లో ఉన్నారు, నేనొకటి అడుగుతా. పటిక వేశాక పది నిమిషాలు మెల్లగా కలుపుతూ ఉండాలని ప్రాజెక్టు పిల్లలు చెప్పారు. పొద్దున తొమ్మిదింటికి పద్దెనిమిది మంది పిల్లలొస్తారు. ఆయా పొయ్యి దగ్గర ఉంటుంది, నేను రిజిస్టరు రాస్తూ ఒక పిల్లాణ్ని చంకలో పెట్టుకుని ఇంకొకణ్ని గుమ్మం దాటకుండా చూస్తుంటాను. పది నిమిషాలు కర్ర పట్టుకుని నిలబడేది ఎవరు? ఆ తర్వాత గంట తేరుకోవాలంటున్నారు. పిల్లలు గంట ఆగుతారా?

మెకానికల్_మస్తాన్
టీచరమ్మా, మూతకి చిన్న హ్యాండిల్ పెట్టి లోపల చెక్క రెక్కలు బిగిస్తే? ఐస్‌క్రీం బండి వాళ్ల పీపాలాగా. కూర్చుని తిప్పొచ్చు.

కనిగిరి_టీచరమ్మ
పొద్దున కుదరదు. సాయంత్రం పిల్లలు వెళ్లాక నేను, ఆయా పావుగంట ఉంటాం. అప్పుడు కలిపి మూతపెట్టి పోతే, పొద్దున్నకి తేరుకుని ఉంటాయి కదా?

దర్శి_అమ్మాయి
అమ్మో టీచరమ్మ గారూ, మేం నలుగురం రెండు వారాలుగా గంటని అరగంట ఎలా చేయాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నాం!

రిటైర్డ్_ఏఈ
రాత్రంతా తేరుకోవడం ఇంకా మేలు. మడ్డి బాగా కిందకి దిగుతుంది. బకెట్‌కి బిగించే కుళాయి, బకెట్ అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల పైన ఉండాలి, లేకపోతే మడ్డి గ్లాసులోకి వస్తుంది.

ఎంటెక్_మధ్యలో
20 గ్రాములు తూచే త్రాసు అంగన్‌వాడీలో ఉండదు. పొట్లాలు కడితే వానాకాలంలో పటిక చెమ్మ పట్టి ముద్దవుతుంది. లీటరు నీళ్లలో 100 గ్రాములు కరిగించి పెట్టండి. అందులోంచి 200 మిల్లీలీటర్లు తీస్తే 20 గ్రాములు. పాత నీళ్ల సీసా మీద మార్కర్‌తో గీత గీస్తే చాలు. నీళ్లు మారితే గీత మారుతుంది, గోడకి పెయింటు వేయక్కర్లేదు.

రిటైర్డ్_ఏఈ
బాగుంది నాయనా. మార్కర్ గీత చెరిపి మళ్లీ గీయొచ్చు. ఆ సీసా మీద పటిక అని పెద్ద అక్షరాల్లో రాసి పిల్లలకి అందని చోట పెట్టించండి.

మునుగోడు_బిడ్డ
అడుగున మిగిలే మడ్డి ఏం చేస్తున్నారు? మా దగ్గర అప్పట్లో బోరు పక్కనే పారబోసేవాళ్లు. ఆర్‌ఓ అన్న గుంత కథే.

దర్శి_అమ్మాయి
మంచి ప్రశ్న అన్నా, దాన్ని మేం వదిలేశాం. ఇప్పుడు ఇసుక పరిచిన ట్రేలో ఎండబెడుతున్నాం. ఎండాక చూస్తే తెల్లటి పొర, వేలితో నొక్కితే అప్పడంలా విరుగుతోంది. నెల మొత్తానికి ఎంతవుతుందో తూస్తాం. ఇటుకలో కలిపితే ఫ్లోరైడ్ మళ్లీ బయటకి వస్తుందా అన్నది జూనియర్లు చూస్తారు. అప్పటిదాకా డబ్బాలో మూతపెట్టి కాలేజీకి తెచ్చుకుంటున్నాం.

దర్శి_అమ్మాయి
ఇవాళ రివ్యూ అయింది. దిమ్మ పటికతో మళ్లీ చేశాం, ల్యాబ్ అక్క ఎలక్ట్రోడ్ మీదే కొలిచాం. ఆరు వారాలు రెండు బకెట్లు అంగన్‌వాడీలో నడిచాయి. ఎక్కువ రోజులు 1.2, 1.3 దగ్గర ఉంది. ఐదు రోజులు 1.5 దాటింది. మొదట ఎందుకో తెలియలేదు. రిజిస్టరు చూస్తే ఆ ఐదూ కుళాయి రాని రోజులు, ఊరంతా అదే బోరు మీద పడి రోజంతా తోడిన రోజులు. ఆ రోజుల్లో ఆల్కలినిటీ పెరుగుతోంది, మేం గీత మార్చలేదు. మేమూ గోడ మీద అంకే రాశాం అన్నమాట.

మిగిలిన అల్యూమినియం మొదటి వారం 0.4 వచ్చింది, ప్రమాణం 0.2 దాటకూడదు. సున్నం చెంచాతో అందాజుగా వేస్తున్నారు, ఎక్కువ పడి పీహెచ్ పైకి పోతోంది. దానికీ తేట చేసి సీసాలో గీత పెట్టాక, బకెట్ కుళాయి కింద ఇసుక వేసిన గుడ్డ కట్టాక 0.15కి దిగింది. అప్పటిదాకా ఆ నీళ్లు పిల్లలకి పోయలేదు, పారబోశాం.

రివ్యూలో బయటి నుంచి వచ్చిన ఒక సార్ "ఇందులో నవ్యత ఏముంది, పాత పద్ధతే కదా" అన్నారు. నేను సమాధానం చెప్పబోతుంటే మా గైడ్ సార్ లేచి, పాత రిపోర్టుల్లో పటిక వాడిన రెండింటి ఫలితాలు తప్పని, అవి తన పేరు మీదే ఉన్నాయని, సరిదిద్ది లైబ్రరీలో పెడుతున్నానని చెప్పారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ల్యాబ్_అక్క
ఆయనకి నా దండం చెప్పు.

ఎంటెక్_మధ్యలో
నా పేపర్‌కి కూడా సవరణ పంపుతున్నా. బోరు నీళ్ల పట్టిక మొత్తం జతచేస్తా.

కనిగిరి_టీచరమ్మ
పిల్లలు నీళ్లు వగరుగా ఉన్నాయని మొదటి వారం ముఖం చిట్లించారు, ఇప్పుడు అడిగి తాగుతున్నారు. సీసా మీద గీత ఎప్పుడు మార్చాలో నాకు ఇంకా అర్థం కాలేదమ్మా. జల్ జీవన్ వాళ్లు మా ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకి నీళ్ల పరీక్ష కిట్ నేర్పారు, వాళ్లలో ఒకామె మా ఆయా. ఆమెని వాడుకోవచ్చా?

దర్శి_అమ్మాయి
తప్పకుండా! కిట్‌లో ఆల్కలినిటీ కూడా ఉంటే చాలు. పటిక వేయకముందు బోరు నీళ్లని ఆమె పరీక్షిస్తే, అంకెని బట్టి గీత ఎక్కడ ఉండాలో మూడు రంగుల్లో పట్టిక చేసి ఇస్తాం. పటిక వేశాక మాత్రం కిట్ ఫ్లోరైడ్ రంగుని నమ్మొద్దని చెప్పండి, అక్క చెప్పిన అల్యూమినియం చిక్కు అక్కడా రావొచ్చు.

మునుగోడు_బిడ్డ
ఆ పట్టిక అయ్యాక నాకూ పంపు చెల్లీ. మా ఊరి స్కూల్లో మోటారు చెడిన రోజుల కోసం ఒక బకెట్ పెట్టిస్తా. పైపు కోసం కొట్లాడటం మాత్రం ఆపను.

దర్శి_అమ్మాయి
ఆపొద్దన్నా.

ల్యాబ్_అక్క
చెల్లీ, ఎండాకాలం శాంపిళ్లు ఏప్రిల్ నుంచి వారానికొకటి పంపు, నీళ్లు అడుగంటినప్పుడే అసలు అంకెలు తెలుస్తాయి. నా దగ్గర టిసాబ్ సరిపడా ఉంది.

దర్శి_అమ్మాయి
మొదటిది శనివారం పొద్దున బస్సుకి వేస్తా అక్కా. గాజు సీసాలో పంపనా?

ల్యాబ్_అక్క
గాజు వద్దు, ప్లాస్టిక్‌దే. రెండుసార్లు అదే నీళ్లతో కడిగి, మూత దాకా నింపు. మీద తేదీ, కుళాయి వచ్చిందో లేదో రాయి.

ఆర్‌ఓ_వ్యాపారి
నా గుంత నీళ్ల సీసా కూడా ఆ బస్సుకే వేయొచ్చా?

ల్యాబ్_అక్క
వేయండి అన్నా. ఆ చేతిపంపు నీళ్లు కూడా ఒక సీసా.

ఆర్‌ఓ_వ్యాపారి
అదే ముందు పట్టాను.